పాత రేజర్ల దూకుడు



ఒకే కంపెనీ తయారుచేసిన రెండు రేజర్లు ఎదురుగా పెట్టుకుందాం. రెండింటిలోనూ పట్టేది ఒకే రకం బ్లేడు. మొదటి దానితో చెంప మీద ఒక్క గీత గీస్తే రెండు రోజుల గడ్డం ఊడ్చుకుపోతుంది. చేతిలో ఏ మాత్రం తొందర ఉన్నా దానితోపాటు కాస్త చర్మమూ లేస్తుంది. రెండో దానితో అదే చోట రెండు మూడు సార్లు గీయాలి, కానీ గాటు పడడం అరుదు. బ్లేడు అదే, ముఖం అదే, నురగ అదే. తేడా మాత్రం చెయ్యి ఆనించగానే తెలిసిపోతుంది. ఈ తేడానే రేజర్లంటే ఇష్టపడేవాళ్ళు రేజరు దూకుడు అంటారు. అమెరికాలో వందేళ్ళ కిందట ఇంటింటా వాడిన ఒంటి అంచు రేజర్లలో ఏది ఎంత దూకుడైనదో, ఆ దూకుడు ఇనుములో ఏ మూల దాక్కుని ఉందో ఈ వేళ చెప్పుకుందాం.

మన ఇళ్ళలో తెలిసిన రేజరు రెండంచులది. పలచటి బ్లేడు, దానికి రెండు పక్కలా పదును. ఒంటి అంచు బ్లేడుకు ఒక పక్కే పదును. రెండో పక్క వెన్నులా మడతపెట్టిన రేకు ఉంటుంది. మన సెలూన్లలో రెండంచుల బ్లేడును నిలువునా విరిచి, సగం ముక్కను కత్తి పిడిలో బిగించి గీస్తారు కదా, పని చేసే తీరులో అదీ ఒంటి అంచు రేజరే. అయితే దానికి కాపలా లేదు, పదును చర్మం మీదికి ఎంత రావాలో మంగలి చెయ్యే చూసుకుంటుంది. ఆ చేతి పనిని ఇనుముకు అప్పగించాలన్న ఆలోచన నుంచే సేఫ్టీ రేజరు పుట్టింది.

1847లో ఇంగ్లండులో విలియం హెన్సన్ అనే ఆయన పిడికి అడ్డంగా, పార మాదిరిగా బ్లేడును అమర్చి పేటెంటు తీసుకున్నాడు. ఆవిరి యంత్రంతో ఎగిరే విమానానికి నమూనా గీసినవాడూ ఆయనే. ఆ అడ్డపిడి తీరులోనే న్యూయార్కులో కాంఫే సోదరులు 1880లో ఒక రేజరుకు పేటెంటు పొంది, దాన్ని స్టార్ పేరుతో అమ్మారు. అందులో పెట్టేది పారేసే బ్లేడు కాదు, మంగలి కత్తి నుంచి కోసిన ముక్కలా ఉండే బలమైన ఉక్కు. వాడే ముందు తోలు మీద పదును పెట్టుకోవాలి. బ్లేడు కింద నురగ పట్టే చిన్న తొట్టి ఉండేది. అమెరికా వైద్యుడు, రచయిత ఆలివర్ వెండెల్ హోమ్స్ ఐరోపా ప్రయాణంలో ఈ రేజరు వాడి, 1887లో వచ్చిన తన యాత్రా గ్రంథంలో దాన్ని మెచ్చుకుంటూ రాశాడు. ఓడ మీద ఊగుతూ కూడా ముఖం కోసుకోకుండా గీసుకోవచ్చంటే ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు.

తర్వాత కింగ్ జిల్లెట్ వచ్చాడు. అరిగితే పారేసే రెండంచుల బ్లేడుకు 1904లో పేటెంటు తెచ్చుకున్నాడు. ఆయన రేజరు ఖరీదు అయిదు డాలర్లు, ఆనాటి కూలివాడికి అది పెద్ద మొత్తం. ఒంటి అంచు కంపెనీలు అక్కడే పట్టు దొరకబుచ్చుకున్నాయి. ఎవర్ రెడీ పేరుతో ఒక్క డాలరుకే రేజరు, దానితో పన్నెండు బ్లేడ్లు కలిపి అమ్మారు. ఎవర్ రెడీ, జెమ్, స్టార్ అనే మూడు పేర్లూ చివరికి అమెరికన్ సేఫ్టీ రేజర్ కంపెనీ చేతికే వచ్చాయి. మనం పోల్చబోయే రేజర్లలో ఎక్కువ భాగం ఆ కంపెనీవే.

ముందు బ్లేడు సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే కథంతా అక్కడ మొదలవుతుంది. రెండంచుల బ్లేడు మందం మిల్లీమీటరులో పదో వంతు. ఈ ఒంటి అంచు రేజర్లలో పట్టే జెమ్ బ్లేడు మందం సుమారు 0.23 మిల్లీమీటరు, అంటే రెండింతలకు పైనే. రెండింతలే కదా అనిపిస్తుంది. కానీ రేకు వంగకుండా నిలిచే బలం మందంతోపాటు రెట్టింపు కాదు, మందం రెండింతలైతే ఆ బలం ఎనిమిదింతలు అవుతుంది. ఆ లెక్కన జెమ్ బ్లేడు రెండంచుల బ్లేడు కన్నా పదింతలకు పైగా బిగువుగా నిలుస్తుంది. గట్టి వెంట్రుక తగిలినప్పుడు పలచటి అంచు సన్నగా వణుకుతుంది. ఆ వణుకు వల్లే ఒక గీతలోనే కొన్ని చోట్ల లోతుగా, కొన్ని చోట్ల పైపైన తెగుతుంది, తర్వాత చర్మం చిటపటలాడుతుంది. మందమైన బ్లేడు వణకదు. అందుకే ఒంటి అంచు రేజరు చాలా గట్టిగా గీస్తూ కూడా ముఖాన్ని బాధించకుండా ఉండగలుగుతుంది. నా దృష్టిలో ఈ పాత రేజర్ల గొప్పతనమంతా ఈ బిగువులోనే ఉంది.

ఇక దూకుడు. చాలామంది దాన్ని ఒక్క సందుతో కొలుస్తారు. పదును అంచుకూ దాని కింద ఉండే కాపలా కడ్డీకీ మధ్య ఉండే ఖాళీ అది. మోటారు షెడ్డులో స్పార్క్ ప్లగ్గు సందు చూసే ఫీలర్ గేజ్ పలకలతోనే దీన్నీ కొలవొచ్చు. మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. ఆ సందులోకి చర్మం కొంచెం ఉబ్బి వస్తుంది. సందు పెద్దదైతే ఉబ్బు ఎక్కువ, బ్లేడుకు అందేదీ ఎక్కువ. ఇంతవరకూ నిజమే.

కానీ సందు ఒక్కటే చూస్తే మోసపోతాం. పైన బ్లేడును కప్పే మూత అంచుకూ కింద కాపలా కడ్డీకీ మధ్య ఒక సరళ రేఖ గీశామనుకోండి. రేజరు ముఖం మీద ఆనినప్పుడు చర్మం ఆ రేఖ మీదే ఉంటుంది. బ్లేడు అంచు ఆ రేఖను దాటి బయటికి వస్తే చర్మాన్ని నేరుగా తాకుతుంది. రేఖకు లోపలే ఉంటే, చర్మం తనంతట ఉబ్బి వస్తేనే దాన్ని చేరుతుంది. సందు పెద్దదై, అంచు మాత్రం రేఖకు లోపలే ఉన్న రేజరు సాధువుగా నడుస్తుంది. సందు చిన్నదై అంచు బయటికి పొడుచుకు వచ్చిన రేజరు చూడ్డానికి అమాయకంగా ఉండి ముఖాన్ని ఎర్రగా చేస్తుంది. కొలతల పట్టిక చూసి రేజరు కొనేవాళ్ళు నిరాశపడేది ఇందుకే. ఆ పట్టికలో సందు మాత్రమే రాసి ఉంటుంది.

మూడోది కోణం. జెమ్ రేజరు తల పైభాగం బల్లపరుపుగా ఉంటుంది. ఆ బల్లపరుపు భాగాన్ని చెంపకు పూర్తిగా ఆనించి కిందికి జారనివ్వడమే అసలు పద్ధతి. అలా పెడితే బ్లేడు ఎంత కోణంలో ముఖాన్ని తాకాలో రేజరే నిర్ణయిస్తుంది. రెండంచుల రేజరు అలవాటున్నవాళ్ళు పిడిని కిందికి వంచి పట్టుకుంటారు, దాంతో మూత చర్మాన్ని వదిలేస్తుంది, అంచు గీరడం మొదలుపెడుతుంది. ఆ మంట తగలగానే అమ్మో, భలే దూకుడు రేజరండీ అంటారు. రేజరు తప్పేమీ లేదు, తలను చెంప మీద సరిగా పడుకోబెట్టలేదు, అంతే. అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు 2020లో సైన్స్ పత్రికలో ప్రకటించిన పని ఇక్కడ గుర్తుకొస్తుంది. వెంట్రుక ఉక్కు కన్నా యాభై రెట్లు మెత్తనిదైనా, వంగి పక్కవాటుగా అంచును ఒత్తినప్పుడు, ఉక్కులో లోపమున్న చోట చిన్న చిన్న పెచ్చులు లేచిపోతాయని వాళ్ళు సూక్ష్మదర్శిని కింద చూపించారు. నీళ్ళు, నురగ, కోణం సరిగా ఉండడం ముఖానికే కాదు, బ్లేడుకు కూడా మేలు.

ఇప్పుడు ఒక్కో రేజరునూ చేతిలోకి తీసుకుందాం.

ఎవర్ రెడీ 1912 నుంచి మొదలుపెడతాను. పేరులోని అంకె దాని పేటెంటు కాలాన్ని చెబుతుంది, కానీ ఆ తర్వాత దశాబ్దాల పాటు అదే అచ్చులో లక్షల్లో చేశారు. అందుకే ఇప్పటికీ అమెరికాలో పాత సామాన్ల అంగళ్ళలో తేలిగ్గా కనిపిస్తుంది. తల మీద మూత కీలు మీద పైకి లేస్తుంది. బ్లేడు పెట్టి మూస్తే వెనకనుంచి చిన్న స్ప్రింగులు దాని వెన్నును ముందుకు నెట్టి, రెండు మూలల్లోని ఆపుల దగ్గర నిలబెడతాయి. కింద దువ్వెన పళ్ళలాంటి కాపలా. దూకుడులో నడిమి రకం. రోజు మార్చి రోజు గడ్డం గీసుకునేవాడికి సరిగ్గా సరిపోతుంది. తల తేలిక కాబట్టి చెయ్యి కొద్దిగా బరువు వేస్తే చాలు, అంతకుమించి వేస్తే వెంటనే తెలియజేస్తుంది. ఈ లక్షణం నాకు చాలా నచ్చుతుంది, మొదటి వారంలోనే చేతికి పాఠం చెప్పేస్తుంది. జెమ్ పేరుతో వచ్చిన డమస్కీన్ కూడా దాదాపు ఇదే కుటుంబం.

ఎవర్ రెడీలోనే 1924 నాటి మోడల్ ఒకటి ఉంది. తల ఆకారాన్ని బట్టి సేకర్తలు దాన్ని పార తల అని పిలుస్తారు. బరువంతా తలలోనే ఉంటుంది కాబట్టి నొక్కాలన్న ఆలోచనే రాదు, దాని బరువుకు అదే దిగుతుంది. 1912 కన్నా ఇది దగ్గరగా గీస్తుందని చెప్పలేను, కానీ గీత సాఫీగా వెళ్తుంది. మధ్యలో ఆగదు.

1930 ప్రాంతంలో జెమ్ మైక్రోమాటిక్ వచ్చింది. పిడి కింద మరను తిప్పితే మూత తెరుచుకుంటుంది, తిరిగి తిప్పితే మూసుకుంటూ బ్లేడును ముందుకు నెట్టి బిగిస్తుంది. ఈ బిగింపు 1912 స్ప్రింగుల కన్నా గట్టిది. మొదట్లో వచ్చిన మైక్రోమాటిక్‌కు కాపలా కడ్డీ బదులు విడివిడి దువ్వెన పళ్ళు ఉండేవి. ఓపెన్ కోంబ్ మైక్రోమాటిక్ అంటారు దీన్ని. పళ్ళ మధ్య నుంచి నురగ దట్టంగా వెళ్తుంది, చర్మాన్ని అడ్డంగా పరచి పట్టే కడ్డీ లేదు, బ్లేడు కదలకుండా బిగుసుకుని ఉంటుంది. ఈ మూడూ కలిసేసరికి ఆ కంపెనీ రేజర్లలో దూకుడంటే ఇదే అన్న పేరు వచ్చింది. ఆ పేరు న్యాయమైనదే. నాలుగు రోజులు పెంచిన గడ్డానికి ఇది పెట్టింది పేరు. రోజూ గీసుకునేవాడికి, ముఖ్యంగా మెడ మీద వెంట్రుకలు నాలుగు దిక్కులకూ పడుకున్నవాడికి, దీన్ని నేను సలహా ఇవ్వను.

1940లలో వచ్చిన క్లాగ్ ప్రూఫ్ మైక్రోమాటిక్‌లో పళ్ళు పోయి కడ్డీ వచ్చింది. నురగ పోవడానికి దారులు విడిచారు, అందుకే ఆ పేరు. నన్నడిగితే జెమ్ రేజర్లన్నింటిలో తూకం కుదిరింది దీనికే. గీతకు దొరికినంత వెంట్రుకనూ తీస్తుంది, చర్మం జోలికి పోదు. ఆ కాలంలో జెమ్ ప్రకటనలన్నీ ఒకే భయం మీద నడిచాయి. పొద్దున గీసుకున్నా సాయంత్రం అయిదింటికల్లా ముఖం మీద నల్లటి నీడ తేలుతుందని, ఉద్యోగం చేసే మగవాళ్ళను హెచ్చరించేవారు. దగ్గరగా గీసే రేజరునే జనం కోరుకునేలా చేసింది ఆ ప్రచారమే. గడ్డం రోజుకు అర మిల్లీమీటరుకు కొంచెం తక్కువగా పెరుగుతుంది, నల్లటి దట్టమైన గడ్డం ఉన్నవాడికి ఎంత దూకుడు రేజరుతో గీసినా సాయంత్రానికి ఆ నీడ కొంత రాక తప్పదు. దానికోసం తోలు ఊడేలా గీసుకోవడం అనవసరం.

తర్వాత వచ్చిన ఫెదర్‌వెయిట్‌కు ప్లాస్టిక్ పిడి, పేరుకు తగ్గట్టే తేలిక. మైక్రోమాటిక్ వాడిన చేతికి మొదట ఏమీ గీయనట్టే ఉంటుంది, నీళ్ళతో కడిగి చూసుకుంటే గాని పని అయిందని నమ్మకం కుదరదు. పలచటి చర్మం ఉన్నవాళ్ళకు మంచిది.

జెమ్ కుటుంబం దాటితే ఇద్దరి గురించి చెప్పాలి. జేకబ్ షిక్ అమెరికా సైన్యంలో అధికారి. వరసగా తూటాలు అందించే రైఫిలు తీరు చూసి, బ్లేడ్లను ఒక గొట్టంలో పేర్చి, చెయ్యి తగలకుండా రేజరులోకి నెట్టే ఏర్పాటు ఆలోచించాడు. 1920లలో వచ్చిన ఆ ఇంజెక్టర్ రేజరులో బ్లేడు ఇరుకు, మందం, తల చిన్నది. ముక్కు కింద, గవద మలుపు దగ్గర జెమ్ తల పట్టనిచోట ఇది దూరుతుంది. ఏళ్ళ తరబడి ఎన్నో రూపాలు మారింది, సేకర్తలు ఇంగ్లీషు అక్షరాలతో వాటిని వేరుచేసి చెబుతారు. ఒక అక్షరం రేజరును చూసి ఇంకో అక్షరం దాని మీద తీర్పు చెప్పకూడదు. చివర్లో దూకుడును మనమే తిప్పి పెట్టుకునే రకం కూడా వచ్చింది. షిక్ మాత్రం అంతకు చాలా ముందే కరెంటు రేజరు వైపు వెళ్ళిపోయాడు.

రెండో ఆయన హెన్రీ గైస్‌మన్. ఆయన వాలెట్ ఆటోస్ట్రాప్ రేజరులో తోలుపట్టీ తల గుండా వెళ్తుంది. ముందుకూ వెనక్కూ లాగితే బ్లేడు లోపలే సాన పడుతుంది. ఇది చాలా నెమ్మది రేజరు, గీసుకోవడం కొత్తగా నేర్చుకునే కుర్రవాడి చేతికైనా ఇవ్వొచ్చు. బ్లేడ్ల పేటెంటు తగాదా ముదిరి 1930లో జిల్లెట్, ఆటోస్ట్రాప్ కంపెనీలు కలిసిపోయాయి. ఆ సందర్భంలో లెక్కలు తీస్తే జిల్లెట్ తన లాభాలను ఎక్కువ చేసి చూపినట్టు బయటపడింది, గైస్‌మన్ కంపెనీ బోర్డుకు ఛైర్మన్ అయ్యాడు. ఇంత చరిత్ర ఉన్నా దీనికి సరిపడే బ్లేడ్లు ఇప్పుడు దొరకడం కష్టం. అందుకే వాడుకకు జెమ్‌నే ఎంచుకోమంటాను.

ఒక ముఖ్యమైన మాట. ఒకే మోడల్ రేజర్లు రెండు తెచ్చుకున్నా రెండూ ఒకేలా గీయకపోవచ్చు. వందేళ్ళలో ఎన్ని చేతులు మారాయో, ఎన్నిసార్లు గచ్చు మీద పడ్డాయో. మూలల్లోని ఆపులు అరిగినా, స్ప్రింగు సడలినా, పళ్ళలో ఒకటి వంగినా బ్లేడు ఒక పక్కకు వాలుతుంది. అప్పుడు ఎడమ చివర గీరుతుంది, కుడి చివర ఏమీ తీయదు. కొనేముందు బ్లేడు పెట్టి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, అంచుకూ కాపలాకూ మధ్య వెలుగు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే మందంలో కనిపిస్తోందా చూడండి. ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళు అమ్మేవాణ్ణి ఆ ఫొటో అడగండి. బ్లేడు వాలిన రేజరును దూకుడు రేజరని పొరబడి ఎంతోమంది ఆ మోడల్‌కే చెడ్డపేరు తెచ్చారు.

ఇంటికి వచ్చాక గోరువెచ్చటి సబ్బునీళ్ళలో నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో మెల్లగా రుద్దండి. నికెల్ పూత మీద ఇసుక, పీచు వాడొద్దు. ప్లాస్టిక్ పిడిని వేడినీళ్ళలో వేయొద్దు. ఆరాక స్పిరిటుతో తుడవండి. ఎవరి ముఖం మీద నడిచి వచ్చిందో మనకు తెలియదు కదా.

బ్లేడు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. రంగులు, స్టిక్కర్లు గీకడానికి హార్డ్‌వేర్ అంగళ్ళలో అమ్మే ఒంటి అంచు బ్లేడు చూడ్డానికి అచ్చం జెమ్ బ్లేడులాగే ఉంటుంది, రేజరులో సరిగ్గా కూర్చుంటుంది కూడా. అది ముఖానికి చేసింది కాదు. దాని అంచు ముతక, మెత్తగా జారే పూత ఉండదు. గడ్డానికి కావలసింది స్టెయిన్‌లెస్ ఉక్కుతో చేసి, పీటీఎఫ్ఈ అనే జారుడు పూత వేసిన జెమ్ బ్లేడు. వెన్ను రేకు ఉన్నదే తీసుకోండి, మైక్రోమాటిక్ దాన్ని ఆ వెన్నుతోనే పట్టుకుంటుంది. మన ఊళ్ళ దుకాణాల్లో మామూలుగా ఇవి కనిపించవు. అమెరికా నుంచి వచ్చే బంధువులచేత తెప్పించుకుంటే, చేతిసంచిలో కాకుండా విమానం పొట్టలోకి వెళ్ళే సామానులో పెట్టమనండి.

రెండు రేజర్లలో ఏది దూకుడైనదో మీరే తేల్చుకోవాలంటే పద్ధతి ఉంది. ఒకే పెట్టెలోని కొత్త బ్లేడ్లు రెండింటిలోనూ వేయండి. రెండు రోజుల గడ్డం ఉంచుకోండి. వేడినీళ్ళ తడిగుడ్డ రెండు మూడు నిమిషాలు పెట్టి, నురగ బాగా పట్టించండి. కుడి చెంపకు ఒకటి, ఎడమ చెంపకు ఒకటి. తర్వాతి సారి చెంపలు మార్చండి, ఎందుకంటే కుడిచేతివాటం వాళ్ళకు రెండు చెంపల మీదా చెయ్యి ఒకేలా నడవదు. గీయడం అయ్యాక తడి పటిక రుద్దండి. మన మంగళ్ళు తరతరాలుగా చేసే పనే ఇది. ఎక్కడ చురుక్కుమందో అక్కడ బ్లేడు చర్మం మీద ఎక్కువ పని చేసింది. సాయంత్రం వేలితో ఎదురు నిమిరి చూస్తే ఏ చెంప ముందు గరగరలాడిందో తెలుస్తుంది. పటిక చురుకు ఒక లెక్క, సాయంత్రపు గరుకు ఇంకో లెక్క. తక్కువ చురుకుతో ఎక్కువసేపు నున్నగా ఉంచిన రేజరే మీ రేజరు, దాని దూకుడు గురించి ఎవరేమన్నా సరే.

ఈ పరీక్షలో ఓపెన్ కోంబ్ మైక్రోమాటిక్ నెగ్గేది బాగా పెరిగిన, గట్టి గడ్డం మీద. మామూలు రోజుల్లో క్లాగ్ ప్రూఫ్ మైక్రోమాటిక్, ఎవర్ రెడీ 1912 దాన్ని తేలిగ్గా దాటిపోతాయి. కాబట్టి కొత్తగా ఈ దారిలోకి వచ్చేవాళ్ళకు నా మనవి ఒక్కటే. ఘనమైన పేరు విని దూకుడు రేజరుతో మొదలుపెట్టకండి. ఆపులు, స్ప్రింగులు బాగున్న ఎవర్ రెడీ 1912 ఒకటి, పూత ఉన్న జెమ్ బ్లేడ్ల పెట్టె ఒకటి తీసుకుని, తలను చెంపకు బల్లపరుపుగా ఆనించి, నొక్కకుండా ఒక నెలపాటు గీసుకోండి. ఆ తర్వాత కూడా ఇంకా గట్టిది కావాలనిపిస్తే అప్పుడు క్లాగ్ ప్రూఫ్ తీసుకోవచ్చు.